కొండెక్కే ముందు ఫోన్‌లో ఆడించి చూడు

రాయగడ

చిరంజీవి అమ్మలుకి,

కోరాపుట్‌లో గది దొరికిందని మీ అమ్మ చెప్పింది, సంతోషం. లక్ష్మీపూర్, నారాయణపట్న వైపు ఊళ్ళు నీకు అప్పగించారని, అక్కడి మహిళా సంఘాలకి చోడి (రాగి) సాగు మీదా, బాలింతల తిండి మీదా వీడియోలు చూపించాలని రాశావు. లాప్‌టాప్‌లో చక్కగా ఆడుతున్నవి ఫోన్‌లోకి వెళ్ళేసరికి ఎందుకు మొరాయిస్తున్నాయని అడిగావు. నోటితో చెబితే సగం చెవిన పడదు, అందుకని కాగితం మీద పెడుతున్నాను. దగ్గర ఉంచుకో.

అసలు మాట ముందే చెప్పేస్తాను. కంప్యూటర్‌లో ఆకుపచ్చ గీత చివరిదాకా వెళ్ళినంత మాత్రాన పని అయిపోయిందనుకోకు. ఊళ్ళో ఏ ఫోన్‌లో చూపిస్తావో ఆ ఫోన్‌నే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఆ వీడియోని మొదటి నుంచి చివరిదాకా ఆడించి చూడు. అప్పుడు అయినట్టు. పెళ్ళి వీడియోలు నేను క్యాసెట్ల కాలం నుంచి తీస్తున్నాను. క్యాసెట్టు పోయి డీవీడీ వచ్చింది, డీవీడీ పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది, ఇప్పుడు అందరూ "ఫోన్‌లో ఎక్కించెయ్యండి" అంటున్నారు. పెళ్ళివారి చేతిలో పెట్టే ముందు వాళ్ళ ఇంట్లో ఉన్న దాని మీదే ఒకసారి ఆడించి చూపించే అలవాటు మాత్రం నేను మార్చుకోలేదు. నీకు ఇది ఇంకా ముఖ్యం. ఘాట్ రోడ్డు ఎక్కాక సిగ్నల్ ఉంటుందో ఉండదో తెలియదు. పనులు మానుకుని వచ్చి కూర్చున్న ఆడవాళ్ళని మళ్ళీ రేపు రమ్మనడం మర్యాద కాదు.

ఫ్లైట్ మోడ్ ఎందుకంటున్నానో చెబుతాను. గూగుల్ డ్రైవ్‌లో బొమ్మ కనిపిస్తే వీడియో ఫోన్‌లోకి వచ్చేసిందనుకుంటారు. అక్కడ ఉన్నది ఆనవాలే, సరుకు ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది. యూట్యూబ్‌లో డౌన్‌లోడ్ నొక్కినవి కూడా ఆ యాప్ లోపలే బందీగా ఉంటాయి. మధ్యమధ్య నెట్ తగలకపోతే తెరుచుకోవు, పక్క ఫోన్‌కి ఇద్దామన్నా కదలవు. నీకు కావలసింది ఫోన్ మెమరీలోనో కార్డులోనో ఉన్న అసలైన ఫైలు.

ఇక వైరు సంగతి. యూఎస్‌బీ వైరు లోపల మామూలుగా నాలుగు తీగలుంటాయి, రెండు కరెంటుకి, రెండు డేటాకి. చవకగా దొరికే వాటిలో కొన్నిట్లో డేటా తీగలు అసలుండవు. పైకి చూస్తే తేడా తెలియదు. ఫోన్ ఛార్జ్ అవుతూనే ఉంటుంది, కంప్యూటర్‌కి మాత్రం ఫోన్ వచ్చిన జాడే ఉండదు. ఫోన్ డబ్బాలో వచ్చిన వైరు ఉంటే దాన్ని ఈ పనికే కేటాయించి, గుర్తుకి ఒక దారం కట్టుకో. వైరు మంచిదే అయినా తగిలించగానే ఆండ్రాయిడ్ ఫోన్ ఛార్జింగ్‌లోనే ఉండిపోతుంది. ఫోన్ లాక్ తీసి, తెర పైనుంచి కిందికి వేలితో లాగు. యూఎస్‌బీ అంటూ చిన్న అక్షరాల్లో ఒక నోటిఫికేషన్ ఉంటుంది. దాని మీద నొక్కితే నాలుగైదు వరసలు వస్తాయి, అందులో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకో. అప్పుడే 'దిస్ పీసీ'లో ఫోన్ పేరు కనిపిస్తుంది. లోపలికి వెళ్ళి 'మూవీస్' ఫోల్డర్‌లో వెయ్యి. ఎప్పుడూ కాపీయే చెయ్యి, కట్ చెయ్యకు. మధ్యలో వైరు కదిలిందంటే అక్కడా ఇక్కడా కాకుండా పోవచ్చు. కాపీ అయ్యాక కూడా గ్యాలరీలో కనబడకపోతే కంగారు పడకు. ఫైల్స్ యాప్‌లో వెతుకు, ఒకసారి ఫోన్ ఆపి మళ్ళీ వేస్తే గ్యాలరీలోకీ వస్తుంది.

ఐఫోన్ దారి వేరు. దాంట్లో ఇలా ఫోల్డర్ తెరిచి వెయ్యనివ్వరు. మీ ఆఫీసులో ఎవరికైనా ఉంటే వీఎల్‌సీ యాప్ పెట్టించి వైఫై మీద పంపు, అంతకంటే అందులో తల దూర్చకు. నువ్వు వెళ్ళే ఊళ్ళలో దాని అవసరం రాదు.

ఇప్పుడు నీ అసలు బాధకి వద్దాం, ఫైలు వెళ్ళింది గానీ ఆడట్లేదన్నావు. ఫైలు పేరు చివర ఎంపీ4 అని ఉంటే అది డబ్బా పేరు మాత్రమే. ఆ డబ్బాలో బొమ్మని ఒక పద్ధతిలో, శబ్దాన్ని మరో పద్ధతిలో కుదించి పెడతారు. ఆ పద్ధతిని కోడెక్ అంటారు. ఫోన్‌కి ఆ కోడెక్ తెలిస్తేనే విప్పగలదు. కాబట్టి జబ్బుని లక్షణం బట్టి పట్టుకోవాలి. మాట వినిపిస్తూ తెర నల్లగా ఉంటే బొమ్మ కోడెక్‌తో పేచీ. కొత్త కెమెరాలు, ఖరీదైన ఫోన్లు జాగా కలిసొస్తుందని హెచ్.265 పద్ధతిలో తీస్తాయి, ఇది 2013లో వచ్చింది. పాత ఫోన్లు, చవక ఫోన్లు దాని ముందు చేతులెత్తేస్తాయి. బొమ్మ ఆడుతూ మాట వినబడకపోతే శబ్దం కోడెక్‌తో పేచీ. డీవీడీల్లోంచి తీసిన వాటిలో ఏసీ3 అనే డాల్బీ శబ్దం ఉంటుంది, చాలా ఫోన్ల సొంత ప్లేయర్లకి అది రాదు. బొమ్మ, మాట రెండూ ఉండి ఆగి ఆగి ఆడితే కొలత పెద్దదన్నమాట. చిన్న ఫోన్ మీద 4కే వీడియో పెట్టారని అర్థం. ఫైలు పేరు చివర ఉన్న ఏవీఐ అనే అక్షరాలు చెరిపేసి ఎంపీ4 అని రాస్తే మారిపోతుందని ఎవరో నీకు చెప్పే ఉంటారు. పేరు మారుతుందే గానీ లోపల సరుకు మారదు.

మందు ఒకటే. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్ని దాని సొంత వెబ్‌సైట్ నుంచే దింపుకో. అందులో 'ఫాస్ట్ 720పీ30' అనే అమరిక సిద్ధంగా ఉంటుంది. అది ఎంచుకుంటే బొమ్మ హెచ్.264లోకి, శబ్దం ఏఏసీలోకి, మొత్తం ఎంపీ4 డబ్బాలోకి వస్తుంది. హెచ్.264 అనేది 2003 నాటి పద్ధతి. ఇప్పుడు ఊళ్ళలో కనిపించే స్మార్ట్‌ఫోన్లలో దాన్ని ఆడించలేనిది నాకైతే తగల్లేదు. ఒకేసారి పది వీడియోలు క్యూలో పెట్టి రాత్రి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతాయి.

కొలత లెక్క కూడా తెలుసుకో, కార్డు కొనేటప్పుడు పనికొస్తుంది. ఫోన్‌తో ఫుల్ హెచ్‌డీలో తీసిన వీడియో నిమిషానికి సుమారు 130 ఎంబీ తింటుంది. పది నిమిషాలది ఒక జీబీ దాటిపోతుంది. దాన్నే 720కి దించి, సెకనుకి ఒకటిన్నర మెగాబిట్ దగ్గర కుదిస్తే నిమిషానికి 11 ఎంబీ, మొత్తం 110 ఎంబీలో సరిపోతుంది. ఆరంగుళాల తెర మీద ఆ తేడా కంటికి ఆనదు. మనిషి చేతులు దగ్గరగా కనబడే దృశ్యాలు, అంటే నారు వేళ్ళు ఎలా పట్టుకోవాలి, వరసకి వరసకి ఎంత ఎడం ఉండాలి లాంటివి ఉన్నచోట మరీ పిండెయ్యకు. మసకబారితే చెప్పాల్సిన విషయమే పోతుంది.

కుదించాక అసలు ఫైలు తుడిచెయ్యకు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఫోన్‌కి వెళ్ళేది నకలు, అసలు హార్డ్ డిస్కులో ఉండి తీరాలి. నువ్వు పనిచేసేది మామూలు చోటు కాదు. కోరాపుట్ జిల్లా సంప్రదాయ సేద్యాన్ని ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 2012లో గుర్తించింది. ఎన్నో దేశవాళీ వరి రకాల విత్తనాలని కాపాడిన కమలా పూజారి గారిది జయపురం దగ్గర పాత్రపుట్. ఆమెకి 2019లో పద్మశ్రీ వచ్చింది, 2024 జూలైలో పోయారు. అటువంటి మనిషి విత్తనం చేతిలో పట్టుకుని మాట్లాడిన నాలుగు నిమిషాలు ఎవరి దగ్గరైనా ఉంటే, నాసిరకం నకలు మిగిలి అసలు పోయిందంటే ఎంత నష్టమో ఆలోచించు. నువ్వు తీసే వీడియోల్లో కూడా అలాంటి ముసలమ్మలు ఉంటారు.

మెమరీ కార్డుల దగ్గర జాగ్రత్త. 32 జీబీ వరకు వచ్చే కార్డులు మామూలుగా ఫ్యాట్32 అనే అమరికలో ఉంటాయి. అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, కార్డు ఖాళీగా ఉన్నా సరే "ఫైలు పెద్దది" అని తోసేస్తుంది. నా దగ్గరికి వచ్చి కార్డు పాడైందని గొడవపడేవాళ్ళు ఎక్కువగా ఇక్కడే తికమక పడతారు. ఇంకొకటి, 128 జీబీ అని అచ్చువేసి లోపల 8 జీబీయే పెట్టిన దొంగ కార్డులు తిరుగుతున్నాయి. ఎక్కిస్తుంటే అన్నీ ఎక్కినట్టే ఉంటాయి, తీరా తెరిస్తే మొదటి కొన్నే ఆడతాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం కార్డంతా రాసి, తిరిగి చదివి, లోపల నిజంగా ఎంత ఉందో చెబుతుంది. కొన్న రోజే పరీక్ష పెట్టు, కొట్టువాడు మార్చి ఇస్తాడు. కార్డుని రీడర్‌లోంచి లాగేముందు 'ఎజెక్ట్' నొక్కడం మరిచిపోకు.

ఊళ్ళోకి వెళ్ళాక ఎలాగూ "మాకూ ఎక్కించండి" అంటారు. అడిగారంటే నీ పని ఫలించినట్టే, విసుక్కోకు. అయితే బ్లూటూత్‌తో మొదలుపెడితే 110 ఎంబీ వెళ్ళడానికి పది నిమిషాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఇరవై మందికి పంచేలోపు పొద్దుగూకుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో క్విక్ షేర్ ఉంటుంది, 2024 దాకా నియర్‌బై షేర్ అనేవారు. రెండు ఫోన్ల మధ్య నేరుగా వైఫై కట్టుకుంటుంది, సిగ్నల్ అక్కర్లేదు, నిమిషంలోపే అయిపోతుంది. షేర్‌ఇట్, జెండర్ లాంటివి కొందరి ఫోన్లలో ఇంకా కనిపిస్తాయి. 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అవి ఉన్నాయి. ఆఫీసు పని మీద తిరిగేదానివి, వాటి జోలికి పోకు.

వాట్సాప్‌లో పంపితే చాలదా అని నీ స్నేహితురాలు అందట. పట్నంలో చాలు. కానీ వీడియోగా పంపితే అది మళ్ళీ నలిపేస్తుంది. పంపక తప్పనప్పుడు 'డాక్యుమెంట్'గా జతచెయ్యి, 2 జీబీ వరకు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

కీప్యాడ్ ఫోన్ పట్టుకు తిరిగేవాళ్ళని వదిలెయ్యకు. కొండ ఊళ్ళలో వాళ్ళు తక్కువేం కాదు. మొబైల్ షాపులో కార్డు నిండా పాటలు ఎక్కించుకుని, నడుస్తూ వింటూ పోతారు. నీ వీడియోలోంచి మాటని విడిగా తీసి ఎంపీ3 చేసి పెట్టుకో, పాటల పక్కన అదీ ఎక్కుతుంది. లాప్‌టాప్‌లో పెట్టుకునే వీఎల్‌సీలోనే 'కన్వర్ట్' అని ఉంది, దాంతో అయిపోతుంది.

అన్నిటికన్నా నాకు పట్టింపు ఉన్న విషయం భాష. 1936 దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. రాయగడలో, జయపురంలో, గుణుపూర్‌లో మన తెలుగువాళ్ళు అందుకే ఇంతమంది. పట్నంలో తెలుగు, ఒడియా రెండూ నడుస్తాయి కాబట్టి అందరికీ అర్థమవుతాయనుకుంటాం. లక్ష్మీపూర్ పైన ఊళ్ళలో ముసలమ్మకి ఒడియా వీడియో పెడితే తల ఊపుతుంది, ఇంటికెళ్ళి పాత పద్ధతిలోనే చోడి చల్లుతుంది. కువి మాట్లాడే ఊరికి కువిలో, దేశియా నడిచే ఊరికి దేశియాలో మాట పెట్టించు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి సవరలకి బడులు పెట్టించి, వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. ఆయనకి అంత శ్రమ పట్టింది. నీకు ఆ ఊరి అమ్మాయి ఒకతె, ఒక ఫోన్ రికార్డరు, కిటికీలు మూసిన ఒక గది చాలు.

ఫైలు పేర్ల దగ్గర కూడా ఇదే ఆలోచన ఉండాలి. ముందు రెండంకెల వరస సంఖ్య, తర్వాత పంట పేరు, తర్వాత భాష పేరు, ఇది నీ కోసం. చదువు రాని అక్క మాత్రం గ్యాలరీలో చిన్న బొమ్మ చూసి వెతుక్కుంటుంది. చాలా ఫోన్లు ఆ చిన్న బొమ్మని వీడియో మొదట్లోంచే తీసుకుంటాయి. మీ సంస్థల వీడియోలన్నీ నల్ల తెరతోనో, ముద్రతోనో మొదలవుతాయి. పన్నెండు వీడియోలు ఎక్కిస్తే గ్యాలరీలో పన్నెండు ఒకేలాంటి నల్ల గళ్ళు! మొదటి మూడు సెకన్లు చోడి వెన్ను నిండుగా కనిపించే బొమ్మ పెట్టు, బాలింతల వీడియోకి కంచంలో అన్నం, ఆకుకూర పెట్టు. ముద్రలు చివర వేసుకోవచ్చు, మీ పైవాళ్ళకి ఈ కారణం చెబితే కాదనరు.

ఈ పని నువ్వొక్కదానివే చేస్తున్నావనుకోకు. 2006లో బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రిసెర్చ్‌లో ఒక ప్రయోగంగా మొదలై, 2008లో విడి సంస్థగా మారిన డిజిటల్ గ్రీన్ ఇదే దారి తొక్కింది. రైతుల చేతే వీడియోలు తీయించి, బ్యాటరీతో నడిచే అరచేతంత ప్రొజెక్టర్ పెట్టి ఊళ్ళలో చూపించింది, ఇటు ఒడిశాలోనూ, అటు ఆంధ్రాలోనూ. అందులో కనిపించే రైతు పేరేమిటి, ఏ ఊరు అని జనం మొదట అడిగేవారని ఆ సంస్థ పెట్టిన రికిన్ గాంధీ చెప్పారు. తమలాంటి మనిషేనా కాదా అన్నది తేలాకే పద్ధతి గురించి వింటారన్నమాట. నెట్ లేనిచోట చేతితో మోసుకెళ్ళడం తక్కువ పనేం కాదు. క్యూబాలో ఏళ్ళ తరబడి వారం వారం ఒక టెరాబైట్ సినిమాలు, కార్యక్రమాలు హార్డ్ డిస్కుల్లో ఇంటింటికీ తిరిగాయి. మన పక్కన ఛత్తీస్‌గఢ్‌లో శుభ్రాంశు చౌధురి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర వాళ్ళు గోండీ కబుర్లని ఫోన్ నుంచి ఫోన్‌కి బ్లూటూత్ మీద చేరవేశారు.

చివరగా ఒక హెచ్చరిక. ఎవరైనా తమ ఫోన్ ఇచ్చి "మీ లాప్‌టాప్‌కి తగిలించి ఎక్కించండి దీదీ" అంటే తగిలించకు. ఫైల్ ట్రాన్స్‌ఫర్ నొక్కిన మరుక్షణం వాళ్ళ ఫొటోలు, పిల్లల ఫొటోలు, స్నానాల రేవు దగ్గర నవ్వుతూ తీసుకున్నవి, అన్నీ నీ తెర మీద పరుచుకుంటాయి. నువ్వు చూడకపోయినా పక్కనున్నవాళ్ళు చూస్తారు. క్విక్ షేర్‌లో నీ ఫోన్ నుంచి వాళ్ళ ఫోన్‌కి పంపు, అది ఒకవైపే వెళ్తుంది. వాళ్ళ పెన్‌డ్రైవ్ కూడా నీ లాప్‌టాప్‌లో పెట్టకు, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే వైరస్ వాటి మీదే ఊరూరా తిరుగుతుంది. అలాగే ఎవరినైనా వీడియో తీసే ముందు అది ఏయే ఊళ్ళలో చూస్తారో చెప్పి, సరేనంటేనే తియ్యి. తీసింది వాళ్ళకే ముందు చూపించు. ఒకసారి పది ఫోన్లలోకి వెళ్ళిన వీడియోని వెనక్కి తీసుకురావడం నీ వల్లా కాదు, మీ ఆఫీసు వల్లా కాదు.

ఫోన్ నిండా ఛార్జ్ చేసి, పవర్ బ్యాంక్ ఒకటి, చిన్న స్పీకర్ ఒకటి సంచిలో వేసుకో. ఎండలో తెర కనబడదు, అరుగు మీద నీడలో కూర్చోబెట్టు. ఒక ఫోన్ చుట్టూ ఎనిమిది మందికి మించితే వెనకవాళ్ళకి ఏమీ ఆనదు, రెండు జట్లుగా చూపించు.

హ్యాండ్‌బ్రేక్‌లో మొదటి వీడియో మార్చగానే నాకు పంపు. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపు, వీడియోగా కాదు. ఇక్కడ కొట్లో మూలపడి ఉన్న పాత ఫోన్లన్నిటి మీదా ఆడించి చూసి, ఎక్కడైనా తేడా ఉంటే ఆ రాత్రికే చెబుతాను.

ఇట్లు,
మావయ్య